చేతికంటిన కలం

సోమవారం పొద్దున ధర్మవరంలో రైలెక్కాలి, పెనుకొండలో దిగి హెడ్మాస్టరుగారికి కలం చూపించాలి, మధ్యాహ్నం దాటేసరికి ఇంటికొచ్చి అన్నం తినాలి. చెన్నకేశవులు వేసుకున్న పథకం ఇంతే. పథకంలో తప్పేమీ లేదు. తప్పంతా వేసుకున్న మనిషిలోనే ఉంది.

అతను పుట్టింది పట్టుచీరలు నేసే ఇంట్లో. కానీ ఏం లాభం? మగ్గం గుంటలో కాళ్లు పెడితే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. అందుకని కొయ్యను గిర్రున తిప్పి చెక్కే తరిమెన ఒకటి పెట్టుకుని, నేతగాళ్లకు దారం చుట్టే కండెలు చేసి ఇస్తూ, తీరిక దొరికినప్పుడల్లా కొయ్య కలాలు చెక్కేవాడు. ఆడుకునే కలాలు కావు. పాళీ, మూత, లోపల సిరా గొట్టం అన్నీ ఉండేవి. లేనిదల్లా మెరుపు.

పెనుకొండ హైస్కూలు హెడ్మాస్టరు రామాంజనేయులుగారు బడి పండక్కి పిల్లలకు కలాలు బహుమతిగా ఇవ్వాలనుకున్నారు. చెన్నకేశవులు చెక్కిన కలాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగుండాదయ్యా. కానీ చేతి చెమట తాగి నల్లబడతాది. అంగడి కలం మాదిరి మెరవాల. సోమవారం మధ్యాహ్నం గంట కొట్టేలోపల మెరిసేది తెస్తే అన్నీ నీతోనే చేయిస్తా. లేదంటే బెంగళూరు నించి తెప్పిస్తా" అన్నారు.

పోతే పోయిందిలే అనుకునే బేరం కాదది. హిందూపురంలో అతని బామ్మర్ది లింగప్పకు మంచాల దుకాణం ఉంది. "కలాలు కూడు పెడతాయా బావా? నా కింద మంచం కోళ్లు చెక్కుదువు రా" అని పండగ పండగకూ అనేవాడు. ఈసారి చెన్నకేశవులుకు రోషం పొడుచుకొచ్చింది. బడివాళ్లు ఈ కలాన్ని కాదంటే మంగళవారమే వచ్చి నీ కోళ్లు చెక్కుతానని, అదీ పదిమంది ముందర, మాట ఇచ్చేశాడు. బామ్మర్ది కింద కూలి!

బంక పూసి మెరుపు తెప్పించే విద్య నేర్పింది హిందూపురంలోనే కుర్చీలకు మెరుగు పెట్టే దేవదాసు. "బంకను పొయ్యి మీద పెట్టొద్దబ్బా. వేన్నీళ్లలో గిన్నె దించి కరిగించు. చిటికెడు పటిక వెయ్యి, పూత బాగా గట్టిపడినాక చెమటకు కరగదు. పల్చగా పుయ్యి, ఆరినాక గరుకు కాగితంతో సాపు చెయ్యి, మళ్లా పుయ్యి. ఆఖరి పూత మాత్రం ఆరేదాకా నేలకు గానీ బల్లకు గానీ ఆననీయొద్దు" అని చెప్పాడు.

మొదటి కలం పాకం చెడిన బెల్లంలా తయారైంది. రెండోది బాగానే వచ్చింది గానీ ఒక ఈగ అందులో శాశ్వతంగా స్థిరపడింది. మూడోదానికి సోమవారం కోడికూతకు ఆఖరి పూత పడింది. నేలకు ఆనకూడదు, బల్లకు ఆనకూడదు. మరెక్కడ పెట్టాలి?

ఇంకెవరైనా అయితే దారం కట్టి వేలాడదీసేవాళ్లు. నేత ఇంట్లో పెరిగినవాడికి ఆ ఆలోచన రాదు. చిన్నప్పుడు తడి పట్టుదారం చిలపను కింద పెడితే వాళ్ల అక్కమ్మ అవ్వ వీపు విమానం మోత మోగించేది. "ఆరేదాకా చేతులే దండెం రా" అనేది. అలా చేతులు చాచి నిలబడి పెరిగిన చెన్నకేశవులు కలాన్ని కూడా చేత్తోనే పట్టుకున్నాడు. పట్టుకోవడంలో కూడా ఒక మర్యాద ఉంది కదా అని, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చేర్చి, గుమస్తా పట్టినట్టు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎండ పడింది. కలం తళతళ మెరిసింది. ఆహా! అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామని కలం దించబోయాడు. రాలేదు.

"నీలావతీ! మేయ్!"

భార్య వచ్చి చూసింది. "వేన్నీళ్లలో ముంచితే ఊడొస్తాది లేయ్యా."

"ఇంకా పచ్చి పూత. మెరుపు గూడా ఊడొస్తాది!"

"దారం కట్టి వేలాడదీసింటే సరిపోయేది గదా?"

"ఇప్పుడు చెప్తాండావా?"

"ఇప్పుడు గదా పిలిస్తివి."

చొక్కా తొడిగితే చేతి గుడ్డ రాసుకుని పూత చెడుతుంది. నీలావతి బనియను మీదే పెళ్లినాటి జరీ కండువా కప్పి, నుదుట బొట్టు పెట్టి రైలుకు పంపింది. జరీ కండువా, బొట్టు, గాలిలో నిలబెట్టిన కలం. పెట్టెలో ఉన్నవాళ్లందరూ లేచి చోటిచ్చారు.

ఎదురుగా గోరంట్ల వైపు పల్లెకు పోయే యల్లక్క అనే ముసలమ్మ కూర్చుంది. "సామీ, మా ఊరి బావి పూడిపోయినాది. కలెక్టరాఫీసుకు ఒక అర్జీ రాసిపెట్టు" అంది.

"నేను రాసేవాణ్ణి కాదవ్వా."

"చేతిలో కలం ఉండాది గదా?"

"ఉండాది. దించల్యాక సస్తాండా. బంక అవ్వా, బంక!" అంటూ చెయ్యి గట్టిగా విదిలించి చూపించాడు. కలం కదలలేదు.

యల్లక్క బుగ్గన వేలేసుకుంది. "అంత విదిలించినా పడల్యా! ఎన్ని అర్జీలు రాసుంటాడో మహానుభావుడు!"

ఇక చెప్పేదేముంది! పెనుకొండలో దిగేసరికి ఆ మాట పెట్టె పెట్టెకూ పాకింది. చెన్నకేశవులు ముందు, యల్లక్క వెనక, తెల్లకాగితాలు పట్టుకున్న మరో గుంపు ఆమె వెనక. అతను పరిగెత్తితే వాళ్లూ పరిగెత్తారు.

హెడ్మాస్టరుగారు కిటికీలోంచి ఇదంతా చూశారు. కిందటి వారమే ఆయన లెక్కల పరీక్షలో సగం తరగతిని తప్పించారు. ముందొక కలం, వెనక కాగితాలు, ఆ వెనక జనం. తనమీద అర్జీయే! ఆయన గుండె జారింది. మనిషి ముఖం కూడా చూడకుండా గేటు దాకా ఉరికి, చెన్నకేశవులు చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపేశారు.

"కూర్చొని మాట్లాడుకుందాం రాండి! కావాలని తప్పించల్యా. సున్నాకు అర మార్కు కలిపి గూడా చూసినా!"

ఆ ఊపుకు చివుక్కుమంది. చెన్నకేశవులు వేళ్ల తోలు కొంచెం, కలం మొత్తం హెడ్మాస్టరుగారి చేతిలోకి వచ్చాయి.

"ఇదేంది?"

"కలం సార్. మీరు చెప్పిందే."

కలం అద్దంలా మెరుస్తోంది, మూడు చోట్ల తప్ప. వేళ్లున్న చోట మూడు గుంతలు పడి ఉన్నాయి. చెన్నకేశవులు వాటిని అరచేత్తో కప్పబోయాడు. "మిగతాదంతా మెరుస్తాంది సార్. ఆ మూడు మాత్రం… ఇంకొక్క దినం ఇయ్యండి సార్. ఇది కాదంటే నాకు హిందూపురమే గతి."

హెడ్మాస్టరుగారి వేళ్లు వాటంతట అవే ఆ గుంతల్లోకి పోయి కూర్చున్నాయి. తీసి మళ్లీ పెట్టారు. మళ్లీ కూర్చున్నాయి. చుట్టూ చూసి, పక్కనున్న యల్లక్కకు కలం అందించారు. "పట్టుకో అవ్వా."

"నేనా? పుట్టి బుద్ధెరిగినాక కలం ముట్టల్యా సామీ!" అంటూనే ఆమె పట్టుకుంది. మూడు వేళ్లూ మూడు గుంతల్లో, తాలూకా గుమస్తా పట్టినంత పొందికగా.

"కలాన్ని రోకలి మాదిరి పట్టొద్దురా అని అరిచి అరిచి నా గొంతు పోయిందయ్యా! అన్నిటికీ ఈ గుంతలు ఉండాల. లేకుంటే తీసుకోను" అన్నారు హెడ్మాస్టరుగారు. అప్పుడే మధ్యాహ్నం గంట మోగింది. చెన్నకేశవులు అక్కడే మెట్ల మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చాడు.

బావి అర్జీ హెడ్మాస్టరుగారే ఆ కలంలో సిరా పోసి రాశారు. కింద వేలిముద్ర వేయమంటే యల్లక్క ఒప్పుకోలేదు. కలం అడిగి తీసుకుని, వంకరగా ఒక గీత గీసి, అదే తన సంతకమంది.

మంగళవారం బావను తీసుకుపోదామని లింగప్ప దిగాడు. గుంతలు పడాలంటే కలానికొక పట్టు కావాలి, ఆరేదాకా పట్టు వదలకూడదు, ఇంట్లో ఉన్న చేతులు చాలవు. పది నిమిషాల్లో అతని రెండు చేతులకూ పని దొరికింది. "ఆరేదాకా కదలొద్దు లింగప్పా" అన్నాడు చెన్నకేశవులు, చాలా మర్యాదగా.

ఆ వారమంతా ఆ ఇంటికి ఎవరొచ్చినా, నీలావతి కాఫీ ఇచ్చే ముందు ఏ చెయ్యి ఖాళీగా ఉందో అడిగేది.