అత్తగారి ఫోనుకొచ్చిన లైసెన్సు

ఆ రోజు పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కంప్యూటర్లో లినక్స్ మీద డిజైన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం, పదింటికి దాని లైసెన్సు తెప్పించుకోవడం, సాయంత్రం ఐదులోపు నీటి పంపు తొడుగుకు అచ్చు డ్రాయింగు గీసి, ఇనుము పోతపోసే కార్ఖానాకు పంపడం. ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టిన ఇంజనీరుకు వచ్చిన మొట్టమొదటి ఆర్డరు అది. ఐదు దాటితే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని కార్ఖానా ఫోర్‌మన్ ముందే ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఈ సూచనలు చదివారా?" అని అడిగింది భార్య. సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన నలభై పేజీలనూ ఆమె ముందురోజే ప్రింటు తీయించి, కుట్టి, ముఖ్యమైన చోట్ల పెన్సిల్‌తో గీతలు కూడా పెట్టింది.

"ఇవి చదివితే వచ్చేవి కావు, చేస్తే వచ్చేవి."

"పన్నెండో పేజీలో ఒక మాటుంది. లైసెన్సు ఒక్క యంత్రానికే పనిచేస్తుందట, ఆ యంత్రం నంబరు తీసుకునే ముందు బయట తగిలించినవన్నీ ఊడదీయమన్నారు."

"అది కొత్తవాళ్ల కోసం రాసుంటారులే."

ఆమె పన్నెండో పేజీ మూల మడిచి, ఆ కాగితాలను చేతికందే చోట పెట్టుకుంది.

మొదటి ఇబ్బంది వీధిలోంచి వచ్చింది. ఎవరో గొయ్యి తవ్వుతూ ఇంటర్నెట్ కేబులు తెంపేశారు. ఇంజనీరు ఫోనులో ఉన్న నెట్టు ముందురోజే అయిపోయింది. భార్య ఫోనుకు తీగ గుచ్చే చోటు పాడైంది. ఇక మిగిలింది అత్తగారి ఫోను.

అత్తగారూ అల్లుడూ పన్నెండేళ్లుగా నేరుగా మాట్లాడుకోలేదు. కోపమేమీ లేదు, మర్యాద. ఎదురెదురుగా కూర్చున్నా సరే, మాట కూతురి మీదుగా వెళ్లి రావలసిందే.

"మీ అమ్మగారి ఫోను ఒక్క గంట ఇస్తారేమో కనుక్కో," అన్నాడు ఇంజనీరు, అత్తగారి వైపు చూడకుండా.

"దానికేం భాగ్యం అమ్మాయ్, రెండు గంటలు ఉంచుకోమను," అన్నారు అత్తగారు, గోడవైపు చూస్తూ.

ఫోనును తీగతో కంప్యూటర్‌కు తగిలించి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాడు. లినక్స్ ఏదో ఒక ఫైలు లేదంది. అది తెస్తే, దానికి ఇంకో రెండు కావాలంది. భోజనానికి ఒక చుట్టాన్ని పిలిస్తే ఆయన మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చినట్టు, వచ్చిన ప్రతి ఫైలూ తనవాళ్లను పిలుచుకుంది. చివరికి పదకొండింటికి అందరూ సర్దుకుని కూర్చున్నారు. లైసెన్సుకు కావలసిన యంత్రం నంబరును సాఫ్ట్‌వేర్ తనే వెతికి తీసుకుంది. కంపెనీకి పంపితే పది నిమిషాల్లో లైసెన్సు వచ్చింది. ఇంజనీరు కుర్చీలోంచి లేచి చేతులు పైకెత్తాడు.

"చూశావా? ఒక్క పేజీ చదవలేదు."

అరగంట గడిచేసరికి ఫోను మోగింది. తన చెల్లెలు చేస్తోందని అత్తగారు తీగ పీకి, ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. తెరమీద పంపు తొడుగు మాయమై, ‘లైసెన్సు దొరకలేదు’ అన్న మాట మిగిలింది.

ఇంజనీరు నిబ్బరంగా అంతా తీసేసి మొదటి నుంచి పెట్టాడు. అందుకోసం ఫోను మళ్లీ తగిలించారు. సాఫ్ట్‌వేర్ చక్కగా తెరుచుకుంది. చెల్లెలు మళ్లీ ఫోను చేసింది. లైసెన్సు మళ్లీ పోయింది. ఆయన మళ్లీ తీసేసి, మళ్లీ పెట్టాడు. గడియారం ఒంటిగంట కొట్టింది.

"ఏవండీ," అంది భార్య. "లైసెన్సు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ అమ్మ ఫోను తీగ పీకినప్పుడే."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

ఆమె లైసెన్సులో ఉన్న నంబరును వేలుపెట్టి ఒక్కొక్క అంకే చదివింది. తరవాత తీగ గుచ్చినప్పుడు కంప్యూటర్‌లో ఫోను పక్కన కనిపించే నంబరు చదివింది. రెండూ ఒకటే.

"లైసెన్సు మీ కంప్యూటర్‌కి రాలేదండీ. మా అమ్మ ఫోనుకొచ్చింది. అది తగిలించి ఉంటేనే పనిచేస్తుంది."

ఇంజనీరు పన్నెండో పేజీ చదివాడు. ఆలోపు అత్తగారు ఎవరితోనో మాట్లాడుతూ ఫోనుతో సహా వంటింట్లోకి వెళ్లిపోయారు. తరవాత సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాడు.

"లైసెన్సు వేరే యంత్రానికి మార్చాలంటే ఫారం పంపాలి సార్. మూడు పనిదినాలు పడుతుంది," అన్నాడు అవతలి మనిషి. "ఇప్పుడు లైసెన్సున్న యంత్రం ఎక్కడుంది సార్?"

"వంటింట్లో."

"వంటింట్లో పెట్టారా సార్?"

"మేం పెట్టలేదండీ. మాట్లాడుతూ మాట్లాడుతూ వెళ్లిపోయింది."

"ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి చూశారా సార్?"

"ఆపితే యంత్రం నంబరు మారిపోదూ?"

"మారొచ్చు సార్. మారితే ఇక కొత్త లైసెన్సే."

అంటే, సాయంత్రం దాకా ఆ ఫోను ఆగకూడదు, తీగ ఊడకూడదు. ఆ మాట వంటింట్లోకి చేరేలోపే అత్తగారు ఫోను చేతబట్టుకుని గుమ్మంలో కనిపించారు. బొటనవేలు ఫోను పక్కనున్న మీట మీద ఉంది.

"పొద్దుట్నుంచి వేడెక్కిపోయింది అమ్మాయ్, కాసేపు ఆపేస్తాను."

"అత్తయ్యగారూ! వద్దు! కదలకండి!" అని అరిచాడు ఇంజనీరు.

పన్నెండేళ్లలో అల్లుడి నోటి నుంచి నేరుగా వచ్చిన మొదటి మాట అది. ఆవిడ ఎక్కడివారక్కడ బిగుసుకుపోయారు.

కంప్యూటర్ పక్కన కుర్చీ వేశారు. వెనక దిండు పెట్టారు. తీగ మూరెడే ఉంది కాబట్టి ఫోను మాట్లాడాలన్నా అక్కడే, తెరకెదురుగా. చెల్లెలు మూడోసారి పిలిచింది.

"నన్నిక్కణ్ణుంచి లేవొద్దన్నారే. ఐదింటిదాకా ఇంతే. లేచానంటే కొంప మునుగుతుందట. అల్లుడుగారే చెప్పారు."

"అమ్మాయి చేత చెప్పించాడా?"

"లేదే, నాతోనే. గట్టిగా."

పన్నెండేళ్లుగా పెదవి విప్పనివాడు అక్కను కుర్చీలోంచి లేవనివ్వడం లేదంటే వ్యవహారం ఎంతదూరం వచ్చిందో చెల్లెలికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. నాలుగింటికల్లా చెల్లెలు గుమ్మంలో ఉంది. చేతిలో పెద్ద ఖాళీ పెట్టె, అక్క బట్టలు సర్దడానికి.

"లే అక్కా! నా ప్రాణం ఉండగా నీకేం భయం లేదు," అంటూ వచ్చి అక్క చేయి పట్టుకుంది. ఆ చేతిలో ఫోనుంది. తీగ బిర్రుగా సాగింది.

"ఆగు!" అని ముగ్గురూ ఒక్కసారే కేకపెట్టారు.

చెల్లెలు తీగను చూసింది. "అయ్యో! ఫోనుక్కూడా కట్టేశారా? ఏమయ్యా బాబూ, చూస్తే చీమకు కూడా అపకారం చేయనివాడిలా ఉంటావు!"

"పిన్నీ, కట్టెయ్యలేదు. పన్నెండో పేజీ..." అని భార్య మొదలుపెట్టింది. పిన్ని ఏ పేజీ వినే స్థితిలో లేదు. ఒక చేయి పిన్ని అటూ, ఒక చేయి భార్య ఇటూ లాగుతుంటే, మధ్యలో ఉన్న అత్తగారు మాత్రం తెరవైపే చూస్తున్నారు. మూడు గంటలుగా ఆవిడకు చూడటానికి వేరే ఏమీ లేదు మరి.

"ఉండవే, గోల," అని చెల్లెల్ని విదిలించుకుని, గొంతు సవరించుకున్నారు. "బాబూ, ఒక్కమాట. పోతపోశాక ఈ గొట్టం నోరు ఎంత ఉండాలి?"

ఇంజనీరు చుట్టూ చూశాడు. తననే అడుగుతున్నారు. "రెండొందల మిల్లీమీటర్లు, అత్తయ్యగారూ."

"మరి అచ్చు కూడా రెండొందలకే గీశారే? నేను ముప్ఫై ఏళ్లు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పాను. ఉతికితే దగ్గరపడే బట్టకి ముందే కాస్త వదిలి కత్తిరిస్తాం. మీ ఇనుము చల్లారితే దగ్గరపడదూ?"

ఇంజనీరు మొహంలో రంగు పోయి, మళ్లీ వచ్చింది. ఇనుము చల్లారితే నూటికి ఒక పాలు కుదించుకుపోతుంది. ఆఫీసులో ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌కు ఎవరో ఎప్పుడో ఆ సంగతి నేర్పి ఉంచారు, అది తనంతట తానే కలిపేసేది. పొద్దున్న కొత్తగా పెట్టుకున్నదానికి ఎవరూ చెప్పలేదు. ఈ డ్రాయింగు ఇలాగే వెళ్తే పోతపోసిన తొడుగు ఏ పంపుకూ పట్టదు. మొదటి ఆర్డరే చివరి ఆర్డరయ్యేది.

"రెండొందల రెండు," అన్నాడు నెమ్మదిగా.

"అదీ," అన్నారు అత్తగారు.

నాలుగూ యాభైకి కొలతలన్నీ సరయ్యాయి. డ్రాయింగు వెళ్లవలసిన నెట్టు కూడా ఆ ఫోనులోనిదే, ఎవరైనా పిలిస్తే అది ఆగిపోతుంది. "ఇప్పుడెవరూ ఫోను చెయ్యకండి," అంది భార్య. చేసే మనిషి ఎదురుగానే ఉంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే గదిలో నాలుగు నిమిషాల సేపు నోరు మెదపకుండా కూర్చున్నారు. ఐదుకు మూడు నిమిషాలుండగా డ్రాయింగు చేరినట్టు కబురొచ్చింది. పిన్నే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

ఆరింటికి ఫోర్‌మన్ ఇంజనీరు ఫోనుకు పిలిచాడు. "అచ్చుకి కుదింపు కలిపి పంపినవాళ్లు ఈ ఏడాది మీరొక్కరే సార్. మిగతావన్నీ మేమే దిద్దుకోవాల్సొచ్చింది. ఇంకా మూడు తొడుగులున్నాయి, అవీ మీరే గీయండి."

ఫారం పంపిన మూడు పనిదినాల తరవాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. లైసెన్సు మార్చడానికి వాళ్లకు అభ్యంతరం లేదు. పాత యంత్రాన్ని శాశ్వతంగా పని నుంచి తప్పించామని రాసి సంతకం పెడితే చాలు.

ఇంజనీరు ఆ ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. పక్క కుర్చీలో అత్తగారు కళ్లజోడు సర్దుకుని, రెండో తొడుగు అంచు వెంట వేలు పెట్టి కొలతలు చూస్తున్నారు.

"సంతకం పెట్టారా?" అని అడిగింది భార్య.

‘పాత యంత్రం బాగా పనిచేస్తున్నది. మార్పు అవసరం లేదు’ అని రాసి పంపేశాడు.

అత్తగారు అందుకు ఒప్పుకుని, ఆదివారాలు మాత్రం సెలవన్నారు.