కోడళ్ళ విశ్రాంతి కొలత

మా జిల్లాలోని తొమ్మిదిమంది యువతులు ఏప్రిల్ పన్నెండో తేదీ ఉదయం ఏడు గంటలకు ఆసుపత్రికి హాజరై, అరగంటపాటు విశ్రాంతి తీసుకోవలసిందిగా ఉత్తర్వు వెలువడింది. టైపు చేసింది నేనే, ఆసుపత్రి గుమాస్తాని. ‘యువతులు’ అన్న మాట పక్కన ‘విశ్రాంతి’ అన్న మాట టైపు చేయడం ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి.

తాష్కెంట్ నుంచి డాక్టర్ సాబొహత్ కొత్త యంత్రాలు తెచ్చింది. ఒకదాని మీద నిలబడితే ఒంట్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో విడదీసి చెబుతుంది. రెండోదానికి తీగలతో తొమ్మిది డొప్పలు, ముఖం మీద బోర్లించే గాజులాంటివి. కదలకుండా పడుకున్నప్పుడు కూడా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి ఒళ్ళు ఎంత ఇంధనం కాలుస్తుందో అది లెక్కగడుతుంది. బక్కపలచనివాళ్ళు ముగ్గురు, మధ్యరకం ముగ్గురు, బొద్దుగా ఉన్నవాళ్ళు ముగ్గురు కావాలి. షరతులు రెండే: పరగడుపున రావాలి, అలిసిపోకుండా రావాలి. మొదటిది సులువుగానే కుదిరింది.

తొమ్మిదిమంది కోడళ్ళూ తొమ్మిదిమంది అత్తగార్లతో వచ్చారు. అప్పటికే వాకిళ్ళు ఊడ్చి, పాలు పితికి, తందూరులో రొట్టెలు కాల్చి వచ్చారు. మా ఊళ్ళో దాన్ని పని కింద లెక్కపెట్టరు కాబట్టి డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు.

ముందుగా అందరిలోకీ సన్ననిది, మస్తూరా, యంత్రమెక్కింది. నిన్న ఎంపికప్పుడు తూచినదానికంటే నాలుగు కిలోలు ఎక్కువ చూపించింది. వెతికితే గౌను జేబులోంచి మాంసం కొట్టే ఇనప మిషను బయటపడింది. అత్తగారు ఏమాత్రం తొణకలేదు. “కోడలికి తిండి పెట్టడం లేదని ఊరంతా అనుకోదూ?” అంది. సహేతుకమైన వివరణే.

ఆ తర్వాత హోసియత్ తన కోడలు బర్చినాయ్‌ని ముందుకు తోసింది. “డాక్టరమ్మా, ఎనభై నాలుగు కిలోలు! తినడం, పడుకోవడం తప్ప ఏమీ రాదు దీనికి. సోమరిదని మీ మిషను కాగితం మీద రాసిస్తే చాలు, ఆదివారమే పుట్టింట్లో దింపేసి వస్తా.”

బర్చినాయ్ తల వంచుకుని నిలబడింది. మోచేతుల దాకా తందూరు కాల్చిన మచ్చలు. ఆదివారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

అప్పుడు పెద్ద డాక్టరు ఎగాంబెర్దియెవ్ గారు ప్రసంగించారు. “ప్రియమైన కోడళ్ళారా! విశ్రాంతి జాతి సంపద. దాన్ని పొదుపుగా వాడుకోవాలి!” నలభై నిమిషాలు. అందరూ నిలబడే విన్నారు.

ఎట్టకేలకు పరీక్ష మొదలైంది. పడుకోవాలి గాని నిద్రపోకూడదు. మూడో నిమిషానికి తొమ్మిదిమందీ గురక పెట్టారు. లేపడానికి ఒక్కొక్క మంచం పక్కన అత్తగారిని కూర్చోబెట్టారు. ఈసారి ఎవరూ రెప్ప వేయలేదు. కాని తొమ్మిది గుండెలూ ఏటవాలు కొండ ఎక్కుతున్నట్టు కొట్టుకున్నాయి. “ఇది విశ్రాంతి లెక్క కాదు, పరుగుపందెం లెక్క,” అని డాక్టరమ్మ అత్తగార్లందరినీ పెద్ద డాక్టరుగారి గదికి పంపేసింది. ఆయన ప్రసంగం ఇంకా మిగిలే ఉంది.

తలుపు మూసి, తన మొదటి రొట్టె తందూరులో జారిపడి బొగ్గైన కథ చెప్పింది సాబొహత్. “నవ్వకండే, నవ్వితే లెక్క పెరుగుతుంది!” అంటూ తనే నవ్వింది. అలా అరగంట పూర్తయింది.

అత్తగార్ల ముందు ఫలితాలు చదివారు. పడుకుని ఉండగా అందరికంటే ఎక్కువ ఇంధనం కాల్చింది బర్చినాయ్. అందరికంటే తక్కువ, మస్తూరా.

“అంటే పడుకుని కూడా నా రొట్టెలు కరగదీస్తోందా?” అంది హోసియత్.

“పడుకుని కూడా పని చేస్తోందమ్మా. అంత ఒళ్ళు నడపడమే పెద్ద పని. కండ కూడా అందరికంటే ఈమెకే ఎక్కువ. రోజూ మీ పన్నెండుమందికీ పిండి పిసికితే వచ్చిన కండ. కూర్చుని తింటే రాదది.”

హోసియత్ వేళ్ళ మీద ఏదో లెక్కవేసింది. ముఖం వికసించింది. “పడుకునే ఇంత చేసేది లేచి నిలబడితే ఎంత చేయాలి! దీన్ని పుట్టింటికి పంపడమా? పదవే, ఇంకో ఆవుని కొందాం.”

అవతల మస్తూరాకి అక్షింతలు పడుతున్నాయి: “విన్నావా? నువ్వు పడుకుంటే నిజంగానే పడుకుంటున్నావట!”

వెళ్ళబోతూ బర్చినాయ్ వెనక్కి వచ్చి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. “అక్కా, లెక్క ఎక్కడో తప్పిందేమో. ఇంకోసారి కొలవకూడదూ?”

సాబొహత్ ఆమె కళ్ళలోకి చూసింది. తర్వాత నా వైపు తిరిగి చెప్పింది: “రాసుకోండి. ఫలితాలు స్థిరపడేదాకా ప్రతి గురువారం అరగంట కొలత తప్పనిసరి.” నేను ముద్ర కొట్టాను. ముద్ర పడిన కాగితాన్ని మా ఊళ్ళో అత్తగార్లు కూడా కాదనరు.

సోమవారం యంత్రాలు తాష్కెంట్ వెళ్ళిపోయాయి. డొప్పలు మాత్రం మిగిలాయి. ప్రతి గురువారం కోడళ్ళు వచ్చి వాటి కింద పడుకుంటున్నారు. తీగలు కిటికీ కొక్కేనికి తగిలించాం.

రెండు నెలలకి హోసియత్ ఒంటరిగా వచ్చింది. “ఏమయ్యా గుమాస్తా, నా వయసువాళ్ళకి ఈ పరీక్ష లేదా? పట్టపగలు నడుం వాల్చి నలభై ఏళ్ళయింది.” మంచం చూపించాను. డొప్ప బోర్లించకముందే నిద్రపోయింది. ఆమెను లేపమని ఏ నిబంధనా చెప్పలేదు.

జిల్లాలో విశ్రాంతిని పెంచినందుకు పెద్ద డాక్టరుగారికి పతకం వచ్చింది. దానికోసం పంపిన నివేదికను ఒక ఆదివారమంతా ఇంట్లో కూర్చుని నేనే రాశాను. యువతుల విశ్రాంతి ఆవశ్యకత గురించి ముప్ఫై పేజీలు. మధ్యలో నాలుగుసార్లు టీ వచ్చింది, ఒకసారి పలావు వచ్చింది. ఎవరు తెచ్చి పెట్టారో తెలియదు. అంత ముఖ్యమైన పనిలో ఉన్నప్పుడు తలెత్తి చూడడం కుదరదని మీకు వేరే చెప్పాలా?