కల్నల్ గారి రెక్కీ

శనివారం పొద్దున్నే మెడలో టేపు వేసుకుని, జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని కల్నల్ గారు ప్రకటించారు.

"ఇవాళ కొట్టు తెరవను. రెక్కీకి వెళ్తున్నా."

"ఎక్కడికీ?" అంది భార్య.

"అమ్మాయి పరీక్ష సెంటరుకి."

"పరీక్ష రేపు కదండీ!"

"రేపు వెళ్ళేది యుద్ధానికి. శత్రువున్న చోటికి ముందురోజే వెళ్ళి, దారులూ గోడలూ కాపలా అన్నీ చూసి, గుట్టుగా రాసుకు రావడాన్ని సైన్యంలో రెక్కీ అంటారు."

"పరీక్ష పెట్టేవాళ్ళు శత్రువులా?"

"పోయినేడు మూడు నిమిషాలు ఆలస్యమైందని మొహమ్మీదే గేటేసినవాడు శత్రువు కాక చుట్టమా?"

కల్నల్ గారు నిజానికి కల్నల్ కాదు. సైన్యంలో పందొమ్మిదేళ్ళు పనిచేసిన మాట వాస్తవమే గానీ, పట్టింది తుపాకీ కాదు, సూది. పటాలానికి దర్జీ. రిటైరై వచ్చి వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్నాక, ఆ నిటారు నడక చూసి వీధివాళ్ళే ఆ హోదా ఇచ్చారు. ఆయన వద్దనలేదు.

కూతురు పుస్తకంలోంచి తలెత్తలేదు. పోయినేడు తప్పు గేటు దగ్గర నిలబెట్టి "ఇదే, ఇదే" అన్నది నాన్నే. లైబ్రేరియన్ ఉద్యోగానికి వయసు గడువు ఈ ఏడుతో సరి. రేపు గేటు మూసుకుంటే ఇక అంతే సంగతులు. అందుకే వారం రోజులుగా తండ్రికి కంటిమీద కునుకు లేదు.

సెంటరు పడిన కాలేజీ దగ్గర కల్నల్ గారు దీక్షగా పని మొదలుపెట్టారు. గేటు వెడల్పు కొలిచారు. గోడ ఎత్తు కొలిచారు. కిటికీలు లెక్కపెట్టారు. గోడ నడుముకి రెండోసారి టేపు పెడుతుండగా వాచ్‌మన్ వచ్చి భుజం తట్టాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"రెక్కీ!" అన్నారు కల్నల్ గారు, ఛాతీ విరిచి.

ఈ వాచ్‌మన్ రోజూ పేపర్లో నేరాల పేజీ మాత్రమే, అదీ అక్షరం వదలకుండా చదివే మనిషి. ఇరవయ్యేళ్ళ చదువులో అతనికా మాట దొంగతనం ముందు తప్ప ఇంకెక్కడా తగల్లేదు. ఈల వేసి, ముందు నోటుపుస్తకం లాక్కున్నాడు, తరవాత మనిషిని పట్టుకున్నాడు.

ప్రిన్సిపాల్ ఆ పుస్తకం పైకి చదివాడు. "కాపలా ఒక్కడే. గంటకోసారి టీకి పోతాడు, పదకొండు నిమిషాలకి గాని రాడు. కుక్క ఉంది, కరవదు. తొమ్మిదో గది కిటికీకి ఊచల్లేవు. తూర్పు గోడ నాలుగడుగులే."

తొమ్మిదో గదిలో బీరువా ఉంది. బీరువాలో ప్రశ్నపత్రాలున్నాయి. ప్రిన్సిపాల్‌కి ముచ్చెమటలు పోశాయి.

"కిటికీ గాలి కోసమండీ! ఉక్కపోస్తే మా అమ్మాయి లెక్కలు తప్పుతుంది."

"కుక్క సంగతేంటి?"

"తనకి కుక్కలంటే భయం."

"మరి గోడ?"

కల్నల్ గారికి అబద్ధం చెప్పి అలవాటు లేదాయె. "ఒకవేళ గేటు మూసేస్తే, పిల్లని అటువైపు దింపేద్దామని."

దాంతో పోలీసులొచ్చారు.

ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. నిజానిజాలు తేల్చుకుందామని ఇంటికి ఫోన్ చేశాడు. ఇల్లాలు మొగుడి మీద ఈగ వాలనివ్వదు.

"ఆయన ఏ పనైనా పక్కాగా చేస్తారండీ. వారం నుంచీ ఇదే ధ్యాస! పోయినేడు దెబ్బతిన్నాం, ఈసారి గురి తప్పకూడదన్నారు. రేపు పొద్దున తొమ్మిదిలోపు పని అయిపోవాలిట."

"పోయినేడు కూడానా?" అని ఇన్‌స్పెక్టర్ కొత్త కాగితం తీశాడు.

సాయంత్రానికి కూతురు హాల్‌టికెట్ పట్టుకుని స్టేషనుకి పరిగెత్తుకొచ్చింది. తండ్రి సంగతి మొదట్నించీ చెప్పింది. ఇన్‌స్పెక్టర్ నవ్వాపుకోలేక, "ఇక తీసుకెళ్ళమ్మా" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. భద్రతా కారణాల వల్ల సెంటరు మార్చారట. కొత్త సెంటరు ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి.

కల్నల్ గారు బల్లమీద కూలబడిపోయారు. "నా చేతుల్తో నేనే నీ కొంప ముంచాను కదమ్మా!" అని పసిపిల్లాడిలా ఏడ్చారు. కూతురికి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. చివరికి తన చున్నీతో ఆయన మొహం తుడిచింది.

ఇంతలో ఇన్‌స్పెక్టర్‌కి పైనుంచి ఫోనొచ్చింది. అమాయకుడైనా సరే, పరీక్ష పూర్తయ్యేదాకా ఆ మనిషి నీ కళ్ళ ముందే ఉండాలని ఆర్డరు. రాత్రికి ఇంటికి పంపడానికి ఒప్పించేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆదివారం ఆరింటికల్లా జీపొచ్చి గుమ్మంలో ఆగింది. "నాన్నని ఒంటరిగా పంపను" అంటూ కూతురూ ఎక్కి కూచుంది. ఇన్‌స్పెక్టర్‌కి వేరే దారి లేదు, కళ్ళ ముందు ఉంచుకోవడానికి సెంటరుకంటే మంచి చోటూ తోచలేదు. పోలీసు జీపుని చూసి లారీలు తప్పుకున్నాయి. ఏడూ పదికి కొత్త సెంటరు గేటు రెండు తలుపులూ బార్లా తెరుచుకున్నాయి. కూతురు అందరికంటే ముందు లోపలికి నడిచింది.

"మీరు మాత్రం గోడవంక చూడొద్దు. తల వంచుకుని నా కాళ్ళు చూస్తూ కూచోండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఐదు గంటలు కల్నల్ గారు అలాగే కూచున్నారు. మధ్యలో ఒక్కసారి నోరు విప్పి, "ఎడమ కాలి ప్యాంటు అంచు కుట్టు ఊడిందండీ" అన్నారు.

మధ్యాహ్నం కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నా, ఒక్క ప్రశ్నా వదల్లేదు!" అనేసరికి ఆయనకి మళ్ళీ కళ్ళనీళ్ళాగలేదు. ఈసారి తుడుచుకోలేదు కూడా.

తిరుగు దారిలో ఇన్‌స్పెక్టర్ నోటుపుస్తకం తిరిగిచ్చాడు.

"మీ నోటుపుస్తకం చూశాను. మంచినీళ్ళ కుళాయి ఎక్కడో, నీడ ఎటువైపో అన్నీ రాశారు. వచ్చే నెల మా ఆవిడకి పరీక్షుంది. ఆలస్యమైతే నన్ను ఇంట్లోకి రానివ్వదు. మీరు కాస్త ముందుగా వెళ్ళి..."

"రెక్కీ చెయ్యాలా?" కల్నల్ గారి వెన్ను మళ్ళీ నిటారైంది.

"చెయ్యండి. కానీ బయట ఆ మాట మాత్రం అనకండి. దాన్ని మేం ఎప్పుడో దొంగలకిచ్చేశాం."