రౌటర్ నడుం కొలత

ఆ రోజు ఉదయం టైలరు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పనికి వెళ్ళగానే బజారుకు వెళ్ళి ఒకే ఒక్క వస్తువు కొనడం, సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేలోపు దాన్ని ఆవిడ పనిబల్లకు బిగించడం, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి కుర్చీలో కూర్చోవడం.

ఆవిడ వడ్రంగం చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో విరిగిన కుర్చీ కాలు ఒకటి తనే బాగుచేసుకుంది. అక్కడితో ఆగలేదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల సగం వంటిళ్ళలో అలమార తలుపులు ఆవిడ చేతిలోంచి వచ్చినవే. ఇన్నేళ్ళయినా మాస్టారికి ఆ ఆశ్చర్యం తీరలేదు. బట్టయితే లాగొచ్చు, మడవొచ్చు, తప్పు కుడితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. చెక్క అలాంటిది కాదు, కోస్తే కోసినట్టే. అంత మొండి సరుకును ఆవిడ చెవిమీద పెన్సిలు పెట్టుకుని చెప్పినమాట వినేలా చేస్తూంటే, ఆయన చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా గుమ్మంలో నిలబడి చూస్తూండిపోయేవారు.

ఆవిడ దగ్గర రౌటర్ ఒకటి ఉంది. ఇంటర్నెట్ డబ్బా కాదు. గిర్రున తిరిగే చిన్న కత్తితో చెక్క అంచులకు గాళ్ళూ వంపులూ చెక్కే యంత్రం. దాన్ని బల్ల కింద తలకిందులుగా బిగించి, కత్తిమొన మాత్రం పైకి కనిపించేలా పెట్టుకుంది. మొన కాస్త పైకి జరపాలన్నా, కిందికి దించాలన్నా ప్రతిసారీ బల్ల కింద దూరి తడుముకోవాల్సిందే. నిన్న అలా దూరి లేవబోతూ నడినెత్తిన ఠంగుమని కొట్టించుకుంది.

"ఈ బల్ల కింద నేను గడిపిన టైములో ఇంకో ఇల్లు కట్టొచ్చండీ," అంది, బొప్పి రాసుకుంటూ.

ఆ బొప్పి చూసి మాస్టారికి రాత్రంతా నిద్ర పట్టలేదు. బల్ల పైనుంచే హ్యాండిల్ తిప్పి కింది యంత్రాన్ని ఎత్తే పరికరం ఒకటుందని, దాన్ని రౌటర్ లిఫ్ట్ అంటారని ఆవిడే ఎప్పుడో చెప్పింది. ఆవిడ అటు వెళ్ళగానే టేపు తీసి, బల్ల కింద దూరి, యంత్రం నడుం కొలిచి, పనిముట్ల షాపుకు వెళ్ళారు.

"ఏ మోటారుకు కావాలి మాస్టారూ?" అన్నాడు షాపాయన.

"తిరిగేదానికి."

"అన్నీ తిరిగేవేనండీ. లావెంతో చెప్పండి."

"నడుం పన్నెండున్నర."

షాపాయన కళ్ళు పెద్దవి చేశాడు. "పన్నెండున్నర అంగుళాలా? అది రౌటరా, రోడ్డు రోలరా?"

"చుట్టూ కొలిచానండీ. నడుం ఇంకెలా కొలుస్తారు?"

"ఓ, చుట్టుకొలతా!" అని ఆయన లెక్క కట్టుకున్నాడు. "అయితే మీకు చిన్న లిఫ్ట్ పట్టదు. పెద్దదే."

మాస్టారు చెప్పని మాట ఒకటుంది. నిజానికి టేపు పదకొండే చూపించింది. మిగతాది ఆయన చెయ్యి కలిపింది. పిల్లలు ఎదుగుతారు, పెద్దవాళ్ళు ఒళ్ళు చేస్తారు, బట్ట ఉతుకుతో ముడుచుకుంటుంది. అందుకని కొలిచినదానికి వదులు కలిపి చెప్పడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. కలిపానన్న సంగతి కూడా అప్పుడు ఆయనకు తట్టలేదు.

షాపాయన పెద్ద లిఫ్ట్‌ను తెచ్చి బల్లమీద పెట్టాడు. అద్దంలా మెరిసే మందపాటి లోహపు పలక, దాని కింద నిలువు కమ్మీలు, వాటి మధ్య మోటారును పట్టుకునే వలయం. ఆ వలయంలో షాపులోదే పసిపిల్లాడంత బరువున్న మోటారొకదాన్ని బిగించి, పలకమీది రంధ్రంలో హ్యాండిల్ దూర్చి, "చిటికెనవేలితో తిప్పండి," అన్నాడు.

మాస్టారు చిటికెనవేలితో తిప్పారు. అంత బరువూ చప్పుడు లేకుండా, ఊగకుండా, ఎవరో కింద నిలబడి రెండు చేతులతో భద్రంగా అందిస్తున్నట్టు పైకి లేచింది. వెంట్రుకవాసి తిప్పితే వెంట్రుకవాసే లేచింది. ఆయన దించి మళ్ళీ ఎత్తారు. వెనక నిలబడ్డ కొనుగోలుదారులు ముందు విసుక్కున్నారు, తర్వాత వాళ్ళూ మెడలు చాచి చూశారు.

"దీన్ని కనిపెట్టినవాడి భార్యకు కూడా నెత్తిన బొప్పి కట్టే ఉంటుంది," అన్నారు మాస్టారు మెల్లగా.

ఇంటికొచ్చేసరికి బావమరిది గుమ్మంలో ఉన్నాడు. ఏ పనికైనా పిలవకుండానే వస్తాడు. పని ముగిసేసరికి ఎక్కడుంటాడో చెప్పలేం. "అక్క రాకముందే లాగించేద్దాం బావా!" అని చొక్కా చేతులు మడిచాడు.

పాత బిగింపు విప్పి, మోటారును తీసి కొత్త వలయంలో పెట్టారు. అది అన్నయ్య చొక్కా తొడుక్కున్న పసివాడిలా అటూ ఇటూ ఊగింది.

"లూజుంది బావా. మార్చుకొద్దామా?"

"లూజైతే టైలరు ఇంట్లో భయమెందుకురా?" అన్నారు మాస్టారు.

రెండు పొరల కాన్వాసు తెచ్చి, మధ్యలో గట్టి లైనింగు వేసి, ఆయన రౌటర్‌కు వెయిస్ట్‌కోటు కుట్టారు. మోటారుకు గాలాడే రంధ్రాలున్నచోట వరసగా కాజాలు కూడా కుట్టారు. అది తొడిగాక యంత్రం వలయంలో బిగుతుగా, పెళ్ళికి బయలుదేరిన పెద్దమనిషిలా నిలబడింది. బావమరిది దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

ఇక బల్లకు రంధ్రం కొయ్యాలి. మాస్టారు పలకను బల్లమీద పెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. ఆ గీతకు బయట, చేతి వాటం కొద్దీ, కుట్టుకోసం వేలెడు వదిలి ఇంకో గీత గీశారు. ఏ గీతమీద కొయ్యాలని బావమరిది అడగలేదు. కరెంటు రంపం తీసి బయటి గీతమీద నడిపించేశాడు.

లిఫ్ట్‌ను ఇద్దరూ రెండువైపులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రంధ్రంలో పెట్టి చేతులు తీశారు. అది రంధ్రంలోంచి నేరుగా కిందికి దిగిపోయింది. కింద రంపపు పొట్టు బస్తా ఉండబట్టి బతికింది. లేచిన దుమ్ము సద్దుమణిగాక చూసుకుంటే ఇద్దరి కనుబొమలూ నెరిసిపోయి ఉన్నాయి.

"బట్టయితే లోపలికి పట్టి కుట్టేసేవాణ్ణి," అన్నారు మాస్టారు నీరసంగా.

"చెక్కకూ ఉపాయం ఉంది బావా." బావమరిది మూల నిలబెట్టి ఉన్న నున్నటి పట్టీలు రెండు తెచ్చి, పలక వాటిమీద ఆనేలా రంధ్రం కింద అటొకటి ఇటొకటి పెట్టి మేకులు కొట్టేశాడు. లిఫ్ట్ నిలబడింది. అవి ఎవరింటి అలమార కోసమో ఆవిడ వారంపాటు చెక్కుకున్న పట్టీలని వాళ్ళిద్దరికీ తెలియదు.

పడ్డ అదురుకు వెయిస్ట్‌కోటు కుట్టు ఒకచోట ఊడింది. మాస్టారు సూది, దారపు రీలు తీసుకుని బల్ల కింద దూరారు. నాలుగు కుట్లు వేసి, ముడివేసి, సూది పళ్ళ మధ్య పెట్టుకుని, దారం తెంచడానికి కత్తెర కోసం చెయ్యి ఇవతలికి చాచారు.

"స్విచ్ వెయ్యనా బావా?" అని అరిచాడు పైనుంచి బావమరిది.

నోట్లో సూది ఉన్నవాడు వద్దని ఎలా చెబుతాడు? "ఊఁహూఁ!" అన్నారు మాస్టారు. పైనున్నవాడికి మొదటి సగమే వినిపించింది.

యంత్రం హోరుమంది. వేలాడుతున్న దారాన్ని అందుకుంది. నేలమీది రీలు ఒక్క గెంతు గెంతి బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. ఇలా పాక్కుంటూ బయటికొచ్చి చూసిన మాస్టారు అలాగే చతికిలబడిపోయారు. నెలకు సరిపడా దారం ఆయన కళ్ళముందే తెల్లటి గీతలా గాల్లో నిలబడి, కనురెప్ప వాల్చేలోపు యంత్రంలోకి మాయమైపోయింది. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో అంత వేగంగా దారం చుట్టే బాబిన్‌ను ఆయన చూడలేదు. బావమరిది చేతులు జోడించేశాడు. స్విచ్ ఆపాలన్న ఊహ ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

హోరు మూలుగైంది. కమురు వాసన, కోటు కాజాల్లోంచి సన్నటి పొగ. అప్పుడు గుమ్మంలోంచి ఎవరో గబగబా వచ్చి ప్లగ్గు పీకేశారు. ఆవిడే.

"ముందు వేళ్ళు చూపించండి," అంది.

ఇద్దరూ బడిపిల్లల్లా చేతులు చాచారు. మొగుడివీ తమ్ముడివీ వేళ్ళన్నీ ఒక్కొక్కటీ ముట్టుకుని లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయని తేలాకే గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. మాస్టారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాతే ఆవిడ బల్లవైపు చూసింది. రంధ్రం చూసింది, మేకులు కొట్టిన పట్టీలు చూసింది. కాజాలున్న కోటు తొడుక్కుని పొగ వదులుతున్న తన రౌటర్‌ను చూసింది. బావమరిది అప్పటికే వీధి చివరికి చేరుకున్నాడు.

"ఈ లిఫ్ట్ ఎవరు ఎంచారు?"

"నేనే," అన్నారు మాస్టారు. "నిన్న నీకు దెబ్బ తగిలిందని... నువ్వు కింద దూరకూడదని..."

ఆవిడ హ్యాండిల్ అందుకుని తిప్పింది. వెయిస్ట్‌కోటు తొడుక్కున్న మోటారు దారపు ఉండతో సహా చప్పుడు లేకుండా, ఊగకుండా పైకి లేచింది. ఆవిడ చెయ్యి ఆగింది. దించి మళ్ళీ ఎత్తింది. ఉదయం షాపులో తన మొహం ఎలా ఉండి ఉంటుందో మాస్టారికి అప్పుడు తెలిసింది.

"పెద్దది తెచ్చారు," అంది చివరికి.

"కాస్త వదులు కలిపాను. అలవాటు కదా... ముందుముందు ఒళ్ళు చేస్తే..."

"రౌటరా?"

మాస్టారు తల దించుకున్నారు. ఆవిడ నవ్వు ఆపుకోలేక బల్లమీద వాలిపోయింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అంది. "ఈ మోటారు పని అయిపోయింది. ఎప్పట్నుంచో పెద్దది కొందామనుకుంటూ, ఇది బాగానే ఉందిగా అని ఊరుకుంటున్నాను. ఇక కొనక తప్పదు. దానికి ఈ లిఫ్ట్ అతికినట్టు సరిపోతుంది. రంధ్రం చుట్టూ టేకు చట్రం వేస్తాను, ఇదివరకటికన్నా అందంగా ఉంటుంది. ఆ పట్టీలంటారా, మా తమ్ముడే కూర్చుని నున్నగా రుద్దుతాడు, ఎక్కడికి పోతాడు!"

మాస్టారు మెల్లగా తలెత్తారు. ఛాతీ కూడా కాస్త పైకి లేచింది. "అంటే... వదులు పెట్టడం మంచిదే అయిందన్నమాట."

"చాలా మంచిదైంది," అంది ఆవిడ, చెవిమీది పెన్సిలు తీసుకుంటూ. "మీ కుట్టుమిషను బల్ల ఎత్తు కూడా నాకు మొదట్నుంచీ నచ్చలేదు. రేపు మీరు మిషను దగ్గర ఎప్పుడుండరు?"

మర్నాడు మాస్టారు భోజనం కూడా మిషను దగ్గరికే తెప్పించుకున్నారు.