గంట కట్టిన ఇంపోర్టెడ్ బండి

రోజారమణికి ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే: బడి విడిచాక నాలుగేళ్ల కూతురు సహస్ర గేటు దగ్గర ఒంటరిగా నిలబడి ఉండడం. తేళ్లు, పిడుగులు, భర్త తరపు చుట్టాలు, ఇవన్నీ ఆ తర్వాతే. అందుకే, పిల్లలను మోత్కూర్ బడి నుంచి ఊరికి తెచ్చే ఆటో అతను "మీ ఊరోళ్లు నలుగురే ఉన్నరు, నాకు గిట్టదు" అని మానేసిన రోజు ఆమెకు అన్నం సహించలేదు. పొద్దున బిడ్డను దింపడానికి భర్త నరహరి ఉన్నాడు. భువనగిరిలో బట్టల దుకాణం పనికి పోతూ బస్సులో మోత్కూర్ దాకా తీసుకుపోతాడు. సాయంత్రం తెచ్చే దిక్కే లేదు.

"నాకొక బండి కొనియ్యి. నేనే తెచ్చుకుంట," అంది రోజారమణి.

నరహరికి బండ్ల గురించి తెలియనిది లేదు, నడపడం తప్ప. భార్యను భువనగిరిలో ఒక సందులోని దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ ఒక మూల ఆకాశం రంగు స్కూటర్ దుమ్ము కప్పుకొని ఉంది.

"ఇంపోర్టెడ్ సార్," అన్నాడు దుకాణదారు. "చార్జింగ్ బండి. పెట్రోల్ వద్దు, లైసెన్స్ వద్దు. చప్పుడైతే అసలుకే రాదు."

"ఏ దేశపుది?" అడిగాడు నరహరి.

"బయటి దేశం సార్."

నరహరికి ఆ దేశం నచ్చింది. బండి ఇంటికి వచ్చాక, చౌకగా వచ్చిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంపోర్టెడ్ అన్న సంగతి చెప్పని గడప లేదు. మూడో రోజునే హారన్ మూగబోయింది. దుకాణానికి ఫోన్ చేస్తే, "ఇంపోర్టెడ్ హారన్ సార్, ఆ దేశం నుంచే రావాలె," అన్నారు. తన హారన్ అంత దూరం నుంచి రావాలని నరహరి బస్సులో పక్కవాళ్లకు కూడా గర్వంగా చెప్పాడు.

రోజారమణి చేనేత సొసైటీ ముందరి ఖాళీ జాగాలో నేర్చుకుంది. నేరుగా పోవడం వచ్చింది. మళ్లించడం రాలేదు. మోత్కూర్ బాట నేరుగానే ఉంటుంది కాబట్టి మళ్లించడం తర్వాత చూసుకోవచ్చని నరహరి తేల్చేశాడు.

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా మామూలుది. సాయంత్రం ఆమె మొదటిసారి ఒంటరిగా పోయి బిడ్డను తేవాలి. నరహరి బస్సుకు పోతూ పోతూ గడపలో నిలబడి చివరి పాఠం చెప్పాడు.

"ఎక్కినంక మధ్యల ఆగకు. ఆగితే పడతవ్."

"ఎవలన్న అడ్డమొస్తే?"

"వాళ్లే జరుగుతరు. నువ్వెందుకు ఫికర్ చేస్తవ్?"

జీవితంలో బండి ఎక్కని మనిషి ఇంత ధైర్యంగా చెబుతున్నాడంటే నిజమే అయి ఉంటుందని ఆమె అనుకుంది.

సాయంత్రం ఆమె బండి తీసేసరికి మామ రామచంద్రయ్య వీధి పొడవునా పడుగు సాపి ఉన్నాడు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ పొడవాటి దారాలకు వీధిలోనే గంజి పెట్టి ఆరబెడతారు. ఆ వీధికి ఒక పద్ధతి ఉంది. బండి చప్పుడు వినబడగానే ఎవరి పని వాళ్లు వదిలేసి, కర్రలతో పడుగును పైకెత్తుతారు. బండి కింది నుంచి పోతుంది. చప్పుడు వినబడకపోతే ఎవరూ ఎత్తరు. చప్పుడు వినకుండా ఎత్తవలసిన అవసరం అంతవరకు ఎవరికీ రాలేదు కూడా.

ఇంపోర్టెడ్ బండి పిల్లిలా వచ్చి పడుగులో దూరింది. అద్దానికి దారాలు చుట్టుకున్నాయి, గంజి రోజారమణి మొహమంతా పూసుకుంది. బండి ఆగింది, ఆమె పడలేదు. భర్త పాఠంలో మొదటి తప్పు అక్కడే తేలింది గాని, దాన్ని గమనించే తీరిక ఆమెకు లేదు.

"చప్పుడు లేకుండ వచ్చుడేంది బిడ్డా!" రామచంద్రయ్య నెత్తి పట్టుకున్నాడు. "దొంగలు గూడ దగ్గుకుంట వస్తరు!"

"హారన్ ఇంక రాలే మామా, ఆ దేశం నుంచి..."

"ఆ దేశపోళ్లకు పడుగులు లేవా? చప్పుడు లేని బండి ఈ వాడల తిరుగొద్దు. ఏదన్న చప్పుడు కట్టుకొని పో!"

"అవతల పిల్ల ఒక్కతే ఉంటది మామా, జల్ది చెప్పు. ఏం కట్టాలె?"

గొర్రెలను ఊరి బయట తుమ్మల కింద వదిలి బీడీల కోసం వీధిలోకి వచ్చిన బీరన్న అదంతా చూశాడు. మందకు ముందు నడిచే పొట్టేలు మెడ ఒరుసుకుపోయిందని ఆ పొద్దున్నే దాని గంట విప్పి సంచిలో వేసుకున్నాడు. ఆడబిడ్డ కష్టం చూసి ఆయన మనసు కరిగింది.

"ఇగో అక్కా, గీ గంట కట్టు. ఆమడ దూరం వినబడతది."

రామచంద్రయ్య తెగిన దారాలతోనే గంటను హ్యాండిల్‌కు గట్టిగా కట్టాడు. బండి కదిలితే గణగణమంది. వీధివాళ్లు సంతోషించారు, పడుగు పైకెత్తి దారి ఇచ్చారు. ఆ గంట వీధివాళ్ల కంటే బాగా తెలిసినవాళ్లు ఊరి బయట మేస్తున్నారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. బీరన్నకూ తట్టలేదు.

తుమ్మల దగ్గర గంట మోగుతూ పోగానే గొర్రెలన్నీ తలలెత్తాయి. తమ పొట్టేలు ఆకాశం రంగులోకి ఎప్పుడు మారిందన్న అనుమానం వాటికేమీ రాలేదు. మంద మొత్తం రోడ్డెక్కింది.

రోజారమణి అద్దంలో చూసింది. రోడ్డు కనబడలేదు, గొర్రెలే కనబడ్డాయి. భయపడి వేగం పెంచింది. గంట ఇంకా గట్టిగా మోగింది. గొర్రెలు పరుగందుకున్నాయి. వాటి వెనక బీరన్న కర్ర ఎత్తుకొని ఉరుకుతున్నాడు.

"గంట! అక్కా, గంట!"

"రేపిస్తనన్నా!" అని అరిచింది ఆమె, ఇచ్చి గడియ కాకముందే అడుగుతున్నాడే అని నొచ్చుకుంటూ.

మోత్కూర్ మొదట్లో చాయ్ హోటల్ మల్లేశ్ ఈ ఊరేగింపు చూశాడు. ముందు కొత్త బండి మీద మొహానికి తెల్లగా ఏదో పూసుకున్న మేడం. వెనక ఫర్లాంగు పొడవు మంద. దాని వెనక కర్ర పట్టుకున్న మనిషి. సర్కారు పని కాకపోతే ఇంత గందరగోళం ఎందుకుంటుంది?

"గొర్ల పథకం మళ్ల షురువైంది!" మల్లేశ్ ఫోన్ తీశాడు. "బడికాడ పంచుతున్నరు. ఆధార్ జిరాక్స్ పట్టుకొని రాండ్రి!"

మంద కంటే మాట ముందు చేరింది. రోజారమణి బడి ముందుకు వచ్చి, పాఠం మరచి బ్రేకు నొక్కేసరికి అక్కడ జనం. గొర్రెలు వచ్చి ఆమెను చుట్టుకున్నాయి. గొర్రెలను జనం చుట్టుకున్నారు. టీచర్లు భయపడి గేటు మూసేశారు.

"మేడం, మాకు పోయినసారి గూడ రాలే!"

"మేడం, గీ నల్లమూతిది నాకు రాయి!"

"నేను మేడంను కాదు! నా బిడ్డ లోపల ఉన్నది, జర తొవ్వియ్యుండ్రి!"

"మాకు గూడ బిడ్డలున్నరు మేడం. లైన్ల రా!" అన్నాడొక పెద్దమనిషి, తానే లైను మధ్యలో దూరుతూ.

జనం భుజాల మీదుగా చూస్తే లోపల ఆయా చిన్నగేటు తీసి పిల్లలను ఒక్కొక్కరినే వాళ్లవాళ్లకు అప్పగిస్తోంది. వరుసలో పిల్లలు తగ్గిపోతున్నారు. సహస్ర ఎర్ర బ్యాగు కనబడుతూనే ఉంది. రోజారమణి రెండు గొర్రెల నడుమ ఇరుక్కొని అడుగు కదపలేకపోతోంది. "సహస్రా!" అని పిలిస్తే నాలుగు గొర్రెలు జవాబిచ్చాయి.

అంతలో బాలస్వామి దిగాడు. వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడదామని ఏడాదిగా తెల్లచొక్కాలు ఉతికించుకుంటున్న మనిషి. పథకం ఎవరిదో, గొర్రెలు ఎక్కడివో ఆయన అడగలేదు. అడిగితే ఎవరైనా చెప్పే ప్రమాదం ఉంది.

"అన్నలారా, అక్కలారా! ఈ గొర్ల కోసం నేను హైదరాబాద్ ఎన్నిసార్లు తిరిగిన్నో నాకే తెల్వది!"

"అయ్యా, అవి నా గొర్లు!" అప్పుడే రొప్పుతూ చేరుకున్నాడు బీరన్న.

"నీ గొర్లే కాదు తమ్ముడా, ఇవి మనందరి గొర్లు!" బాలస్వామి బీరన్నను కౌగిలించుకొని ఫొటోకు నవ్వాడు. "ఒక్కరు గూడ ఉత్తచేతులతోని పోరు. ఇది నా మాట! మేడం, ప్రారంభం నా చేతుల మీదికెల్లి చేస్త. ఆ గంట ఇటియ్యి."

"తీస్కో అన్నా, తీస్కో," అంది రోజారమణి. దారాలు పళ్లతో కొరికి మరీ ఇచ్చింది.

బాలస్వామి గంటను తలపైకెత్తి బలంగా మోగించాడు. గొర్రెలన్నీ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అవి రెండడుగులు ముందుకు వేశాయి. ఆయన నడక పెంచాడు, తర్వాత ఉరికాడు. గంట కింద పడేయాలని ఆ హడావిడిలో ఆయనకు తోచలేదు. ఆయన వెనక గొర్రెలు, గొర్రెల వెనక బీరన్న, బీరన్న వెనక జిరాక్సులు పట్టుకున్న ఊరు ఊరంతా, బడి ఆయాతో సహా, మూల తిరిగి మాయమయ్యారు.

బడి ముందు దుమ్ము తప్ప ఏమీ మిగలలేదు. గేటు దగ్గర సహస్ర ఒంటరిగా నిలబడి ఉంది. ఇన్నాళ్లు ఏ దృశ్యం తలచుకొని రోజారమణికి నిద్ర పట్టలేదో, సరిగ్గా అదే. అంత ముచ్చటైన దృశ్యం ఆమె తన జన్మలో చూడలేదు.

"గప్పుడే వచ్చినవేందమ్మా!" సహస్ర మూతి ముడిచింది. "ఇంక జర్రసేపు ఉంటే ఆయా నాకు గొర్రెపిల్లనిస్తనన్నది."

రోజారమణి బండిని చేతులతోనే ఊరి వైపు తిప్పుకొని, బిడ్డను ముందు నిలబెట్టుకొని, బాలస్వామి గల్లీ ముందు నుంచే వెళ్లింది. ఆయన ఇంటి వాకిలి నిండా జనం. ఇంపోర్టెడ్ బండి పోయిన సంగతి ఒక్కరికీ వినబడలేదు.

ఆమె ఇంటికి చేరాక నరహరి ఫోన్ చేశాడు. "చూసినవా, ఆగకుంటె పడవని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు," అంది ఆమె, జుట్టులోని గంజి దువ్వుకుంటూ.

బాలస్వామి మాత్రం ఇంట్లో దూరి గడియ పెట్టుకున్నాడని వినికిడి. గొర్రెలు ఆయన పెరట్లో మందారాలు మేస్తున్నాయి. వాటిని వదిలి పోనని బీరన్న అక్కడే చాప పరిచాడు. ఉత్తచేతులతో పోమని జనం అరుగు దిగలేదు. లోపల బాలస్వామి తిన్నాడో లేదో తెలియదు. మోత్కూర్ మీదుగా వెళ్లేవారెవరైనా ఉంటే కాస్త తలుపు తట్టి మంచిచెడ్డలు కనుక్కోండి. చేతిలో కాగితం ఏదీ లేదని ముందు కిటికీలోంచి చూపించండి, లేకపోతే తీయడు.