శీర్షికకు బల్బు లేదు

ఇంట్లో ఏ మీట నొక్కితే ఏ లైటు వెలుగుతుందో ముందే తెలిసిపోవడం అంత మంచిది కాదని నా నిశ్చితాభిప్రాయం!

మా ఇంటినే చూడండి. లైట్లను, టీవీని కలిపి ఒక్క రిమోట్ కిందికి తెచ్చాం. దాని మీద అంకెలున్నాయి. ఏ అంకె దేనికో రాసిన కాగితం గోడకు అంటించి ఉంది. ఒకటి హాలు, రెండు వంటిల్లు, మూడు బాత్రూం, నాలుగు టీవీ, ఐదు పడగ్గది.

రెండు నొక్కితే హాల్లో వెలుగుతుంది. మూడు నొక్కితే వంటింట్లో. పడగ్గదికని ఐదు నొక్కితే టీవీలో నలుగురు పెద్దమనుషులు కొట్లాట మొదలుపెడతారు. ఒకణ్ణి ప్రశ్న అడిగితే పక్కవాడు జవాబు చెప్పడం ముప్పై ఏళ్లుగా క్లాసులో చూస్తున్నవాణ్ణి. నాకిందులో వింతేమీ కనబడలేదు.

పైగా ఎన్ని లాభాలు! మా బావమరిది గంటసేపు స్నానం చేసే మనిషి. నేను వార్తలకని నాలుగు నొక్కుతాను. లోపల చీకటి.

"బావా! లైటు!"

"వార్తల టైమురా."

"కళ్లల్లో సబ్బు బావా!"

ఇప్పుడు ఐదు నిమిషాల్లో బయటికి వస్తున్నాడు. నీళ్ల పొదుపు మీద నేను రాసిన వ్యాసాలన్నీ కలిసి ఇంత పని చేశాయా?

దీని ఘనత నాదే. రిమోట్ కొన్న రోజున నేను కాగితం చూసి చదువుతుంటే, మా ఆవిడ రిమోట్‌లో వరసగా అంకెలు ఇచ్చుకుంటూ పోయింది. హాజరు పట్టీ చదివే అలవాటు కదా, నేను పైనున్న "గదులు" అనే శీర్షికతో మొదలుపెట్టాను. ఒకటో అంకె దానికి పోయింది. అందుకే ఒకటి నొక్కితే ఏదీ వెలగదు. శీర్షికకు బల్బు లేదు.

సంగతి తెలిశాక ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. "హాజరు భలే వేశారు మాస్టారూ! ఉండనివ్వండి, ఆదివారం కూర్చుని సరిచేద్దాం."

గురువారం ఆవిడ పోయింది.

మొన్న బావమరిది మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"చిన్న పని సార్. మొత్తం చెరిపేసి కొత్తగా పెట్టేస్తా."

"అక్కర్లేదు బాబూ."

"పోనీ ఆ కాగితం మీద అంకెలైనా దిద్దు బావా! నీ చేతిలో పనేగా!"

కాగితం మీది చేతిరాత వాళ్లక్కది. ఇన్నేళ్లుగా ఎర్రసిరా కలం పట్టినవాణ్ణే. దిద్దాలంటే ముందు తప్పు కనబడాలి కదా!

మెకానిక్‌కు మంచినీళ్లు తేవడానికి మూడు నొక్కి వంటింట్లోకి వెళ్లాను. ఎక్కడా తడుముకోలేదు. అతను నీళ్లు తాగి, రిమోట్‌ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

పాఠకులారా, ఇంత తొందరెందుకో నాకు అర్థం కాదు. ఆదివారం సరిచేద్దామని ఆవిడే అంది. ఏ ఆదివారమో చెప్పలేదు.