తొమ్మిది జీబీల మెరుపు

"ఇక ఈ దేశంలో నెమ్మదికి చోటు లేదు. ప్రతి ఇంటికీ మెరుపు చేరింది."

వేగ శాఖ మంత్రిగారు సభలో ఈ మాట అన్నప్పుడు చప్పట్లు రెండు నిమిషాలు ఆగలేదు. ఆ మాట రాసిచ్చింది శాఖ ప్రకటనల అధికారి గారు. పదహారేళ్ళ సర్వీసులో ఆయన రాసిన వాక్యం ఏదీ అబద్ధమని రుజువు కాలేదు. రుజువుకి దొరికేలా ఆయన ఏ వాక్యమూ రాయలేదు.

మెరుపు పథకానికి ఏడాది నిండిన సందర్భంగా శాఖ ఒక సినిమా తీయించింది. తుది మెరుగుల బాధ్యత అధికారి గారిది. ఆఫీసు గోడలకి రంగులు వేస్తున్నందువల్ల ఆయన ఆ పని ఇంట్లో, భోజనాల బల్ల మీద ముగించారు. సాయంత్రం నాలుగింటికల్లా అది మంత్రిగారికి చేరాలి. మర్నాడు పొద్దున విదేశీ ప్రతినిధులకి చూపిస్తారు. బాగుంటే జాయింట్ డైరెక్టర్ కుర్చీ ఆయనదేనని కార్యదర్శి గారు లిఫ్టులో మాటిచ్చారు కూడా.

ఫైలు తొమ్మిది జీబీ. పొద్దున పదింటికి అధికారి గారు బటన్ నొక్కి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. తెర మీద ఒక ముక్క కనిపించింది: మిగిలిన సమయం, పదమూడు గంటలు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశారు. పదమూడున్నర అయింది.

అయినా ఆయన కంగారు పడలేదు. "మీ నెట్ నెమ్మదిగా ఉందా? తొమ్మిది సూచనలు" అనే కరపత్రం రాసింది ఎవరు? నాలుగు లక్షల ప్రతులు వేయించింది ఎవరు? సొరుగులోంచి ఒక ప్రతి తీసి, మొదటి సూచన ప్రకారం రౌటర్ ఆపి, ముప్ఫై అంకెలు లెక్కపెట్టి మళ్ళీ వేశారు. ఫైలు మొదటికొచ్చింది. రెండో సూచన ప్రకారం రౌటర్‌ని ఎత్తయిన చోట, అంటే బీరువా మీద పెట్టారు. ఫైలు మళ్ళీ మొదటికొచ్చింది. మూడో సూచన ప్రకారం వైఫై మానేసి వైరు తగిలించారు. వైరు పొట్టిది కావడంతో ఆయనా లాప్‌టాప్ కూడా స్టూలెక్కి బీరువా పక్కన నిలబడాల్సి వచ్చింది.

నాలుగో సూచన: ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారేమో గమనించండి.

ఆయన స్టూలు దిగి పక్క గదిలోకి వెళ్ళారు. అత్తగారు టాబ్లెట్‌లో సీరియల్ చూస్తున్నారు.

"అత్తయ్యగారూ, కాసేపు ఆపుతారా? దేశం పని."

"దేశానికి నా సీరియలే అడ్డొచ్చిందా నాయనా?" అంటూ ఆవిడ ఆపేశారు. ఫైలు కదల్లేదు. అయిదు నిమిషాల తర్వాత ఆయనే వెళ్ళి చూసుకోమన్నారు. "ఏమాటకామాట, మీ నెట్ బంగారం. ఒక్కసారి కూడా ఆగదు" అన్నారావిడ, అల్లుడి మొహం చూసి జాలిపడి.

తొమ్మిదో సూచన, ఓపిక పట్టండి. అక్కడిదాకా వచ్చేసరికి పదకొండున్నర. ఆయన హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. "మీ ఫిర్యాదు మాకు పండుగ" అన్న రికార్డింగ్ ఆరుసార్లు విన్నారు. అది కూడా ఆయన రాసిందే. మొదటిసారి విన్నప్పుడు బాగుందనిపించింది.

"స్పీడ్ టెస్ట్ చేశారా సార్? పెద్ద అంకె ఎంత?" అంది ఫోన్ ఎత్తిన అమ్మాయి.

"మూడు వందల నాలుగు."

"అభినందనలు సార్."

"పక్కన చిన్న అంకె ఒకటిన్నర ఉందమ్మా."

"చిన్న అంకెకి మా ఫారంలో గడి లేదు సార్."

"గడి ఎందుకు లేదు?"

"శాఖ వాళ్ళు ఇచ్చిన ఫారం సార్. కింద ప్రకటనల అధికారి అని సంతకం ఉంది. ఆయన్ని అడగమంటారా?"

"వద్దులే" అన్నారు అధికారి గారు.

ఆ అమ్మాయి మంచిది. గడి లేకపోయినా మనిషిని పంపింది. ఒంటిగంటకి మెకానిక్ వచ్చి, గోడ దగ్గర వైరు విప్పి, తన మీటరు తగిలించి, వీధి పెట్టెదాకా వెళ్ళొచ్చాడు.

"మీ లైన్‌కి ఏ రోగమూ లేదు సార్. మీకు రావడానికి పెద్ద రోడ్డు వేశారు. మీరు పంపడానికి కాలిబాట వదిలారు. ఊరంతా అంతే."

"ఎవరు చేశారీ పని?"

మెకానిక్ సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఏడాది క్రితం ప్రకటన. "చూడండి. ప్రతి ఇంటికీ మూడు వందల డౌన్‌లోడ్ అని రాశారు. అప్‌లోడ్ ఊసే లేదు. కంపెనీ వాళ్ళు చదువుకున్నవాళ్ళు కదా సార్, అడగనిది ఎందుకిస్తారు? అందులోంచి తీసి ఇందులో కలిపారు. ఇది రాసినాయన ఇంటికి ఒక్కసారి వెళ్ళాలని ఉంది నాకు."

అధికారి గారు అతనికి టీ ఇచ్చారు.

మంత్రిగారు సభలో చదవాల్సిన ఆ ప్రకటన చిత్తుప్రతిలో రెండు మాటలూ ఉండేవి. రిహార్సల్‌లో మంత్రిగారు "అప్‌లోడ్, డౌన్‌లోడ్" దగ్గర మూడుసార్లు తడబడ్డారు. అధికారి గారే ఎర్ర పెన్ను తీసి మొదటి మాట కొట్టేశారు. వాక్యం నోట్లో వెన్నలా కరిగిందని మంత్రిగారు ఆ రోజు ఆయన భుజం తట్టారు. ఆ భుజాన్ని ఆయన ఇంటికొచ్చి భార్యకి చూపించారు కూడా.

రెండున్నరకి ఆయన భార్య తన గదిలోంచి బయటికి వచ్చారు. ఆవిడ పుస్తకాలు చదివి రికార్డు చేసే పని చేస్తారు. చదివింది కంపెనీకి పంపితేనే జీతం.

"లాప్‌టాప్ పట్టుకుని రండి" అన్నారు.

"ఎక్కడికి?"

"పళ్ళ డాక్టరు దగ్గరికి."

దారిలో ఆవిడే చెప్పారు. వీధి చివర క్లినిక్‌లో ఎక్స్‌రేలు పంపడానికి వేరే లైన్ వేయించుకున్నారు. ఏడాదిగా ఆవిడ ఫైళ్ళన్నీ అక్కడినుంచే వెళ్తున్నాయి. వైఫై పేషెంట్లకి మాత్రమే. అందుకని ఇప్పటికి పదకొండుసార్లు పళ్ళు శుభ్రం చేయించుకున్నారు. "అయినా రెండు పుస్తకాలు ఇంకొకరికి వెళ్ళిపోయాయి. మీ గొంతు బాగుంది కానీ మీరు నిదానం అన్నారు కంపెనీ వాళ్ళు."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్పాను. మీరు కరపత్రం ఇచ్చారు."

క్లినిక్ మెట్ల దగ్గర అధికారి గారు లాప్‌టాప్ సంచీతో పాటు ఆవిడ చేతిలోని సంచీ కూడా తీసుకుని మోశారు.

హాల్లో నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురి ఒళ్ళోనూ లాప్‌టాప్‌లే. ఎవరి బుగ్గా వాచినట్టు లేదు.

"అమ్మగారికి ఇక శుభ్రం చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇవాళ మీరు కూర్చోండి" అన్నాడు డాక్టరు. "ఎంత ఫైలు?"

"తొమ్మిది జీబీ."

డాక్టరు ఆలోచించాడు. "అది శుభ్రం చేసేలోపు వెళ్ళదండీ. ఒక పన్ను తీయాలి."

అధికారి గారు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచారు. జ్ఞానదంతం రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఫైలు వెళ్ళడానికి పన్నెండే పట్టింది. ప్రభుత్వ సేవలో ఇంతకన్నా వేగవంతమైన రోజు ఆయన ఎరగరు.

మూడూ యాభైకి కార్యదర్శి గారు ఫోన్ చేశారు. అధికారి గారి నోట్లో సగం దూది ఉంది.

"అద్భుతంగా ఉందయ్యా. మంత్రిగారు వాళ్ళింట్లో చూశారు. నాలుగు నిమిషాల్లో వచ్చేసింది. చివర్లో తన సందేశం ఒకటి కలపమన్నారు. పొద్దున్నే ఇంట్లో స్వయంగా రికార్డు చేశారు."

"పంపించండి సార్, కలిపేస్తాను."

అటువైపు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. కార్యదర్శి గారి గొంతు బాగా తగ్గింది.

"మీ వీధిలో ఎవరో పళ్ళ డాక్టరు ఉన్నాడటగా. మంత్రిగారికి అపాయింట్‌మెంట్ దొరుకుతుందా?"

"ఏ పన్ను సార్?"

"ఏదైనా పర్లేదు. ఏడు జీబీ ఉంది."